కస్టమర్ ‘ఇంటిగ్రేషన్’ అంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: చర్లపల్లిలో మాకు ఒక ప్రెస్ షాపు ఉంది. నాన్నగారు పెట్టారు, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. షీట్ మెటల్ బ్రాకెట్లు, కవర్లు, క్లాంపులు చేస్తాం. 40 మంది పనివాళ్లు, ఏడాదికి 9 కోట్ల టర్నోవర్. అందులో 60 శాతం ఒక్క కంపెనీకే వెళ్తుంది. వాళ్ల ఫ్యాక్టరీ మాకు 90 కిలోమీటర్లు. ఇన్నేళ్లూ నెలకో ఆర్డరు ఇస్తే వారానికి రెండు లోడ్లు పంపేవాళ్లం. ఇప్పుడు ‘సప్లై చైన్ ఇంటిగ్రేషన్’ (సప్లయర్ల పనిని తమ పనితో కలపడం) చేస్తున్నామంటూ ఒక ఒప్పందం పంపారు. వాళ్ల వెండర్ పోర్టల్‌లో చేరి మా స్టాకు రోజూ ఎక్కించాలట. సరుకు రోజూ లైనుకు అందాలట. వాళ్ల గేటుకు దగ్గర్లో గోడౌన్ తీసుకుని ఏడు రోజుల స్టాకు మా ఖర్చుతో ఉంచాలట. షెడ్యూలేమో వారానికి రెండు మూడుసార్లు మారుతూనే ఉంది. బిల్లు డబ్బులు 75 రోజులకు వస్తున్నాయి. ఎంబీఏ చేసిన మా తమ్ముడు, ఇంటిగ్రేషన్ చేసుకున్న తయారీ కంపెనీల పనితీరు బాగుంటుందని తేలింది కదా, వెంటనే చేరి ఈఆర్‌పీ (స్టాకు, ఉత్పత్తి, బిల్లులు అన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్) కూడా కొందాం అంటున్నాడు. మా అకౌంటెంట్ గారు, వాళ్ల బరువు మన నెత్తిన పెడుతున్నారు, ఒప్పుకోవద్దంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: చేరండి. కాకపోతే వాళ్లు పంపిన కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకండి.

వాళ్లు అడిగినవన్నీ మరోసారి చదువుకోండి. మీ స్టాకు లెక్క వాళ్లకు కనబడాలి. మీ బండి రోజూ వాళ్ల గేటు దగ్గర ఉండాలి. మీ డబ్బుతో వాళ్ల పక్కన ఏడు రోజుల నిల్వ ఉండాలి. అన్నీ మీ వైపు నుంచి అటు వెళ్లేవే. అటు నుంచి మీకు ఏం వస్తుందో ఆ కాగితంలో ఒక్క వాక్యం కూడా లేదు. ఇలాగే వదిలేస్తే వాళ్ల బ్యాలెన్స్ షీట్‌లో ఉన్న స్టాకు మీ బ్యాలెన్స్ షీట్‌లోకి వస్తుంది, అంతే. రెండు కంపెనీల స్టాకు కలిపి చూస్తే ఒక్క కిలో కూడా తగ్గదు. పైగా మీ ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) మీద బ్యాంకు వేసే వడ్డీ సాధారణంగా పెద్ద కంపెనీ కట్టే వడ్డీ కంటే ఎక్కువే ఉంటుంది. అంటే అదే స్టాకును మోసే ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు రేటు పెంపు రూపంలో వాళ్లనే అడగాల్సి వస్తుంది. ఈ మాట వాళ్ల కొనుగోలు విభాగానికి మొహమాటం లేకుండా చెప్పండి. వాళ్లకూ లాభం లేని పని ఇది.

మీ తమ్ముడు చదివినదాంట్లో తప్పు లేదు. 2001లో వచ్చిన, ఈ రంగంలో అందరూ ప్రస్తావించే ఒక అధ్యయనం 322 తయారీ సంస్థలను పరిశీలించింది. ఇటు సప్లయర్లతోనూ అటు కస్టమర్లతోనూ బాగా కలిసి పనిచేసే సంస్థల పనితీరే అందరికంటే ఎక్కువ మెరుగుపడిందని తేల్చింది. 2010లో చైనాలోని 617 తయారీ సంస్థల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో పనితీరుతో గట్టి సంబంధం కనిపించినవి రెండు: సంస్థ లోపలి విభాగాల మధ్య సమన్వయం, కస్టమర్‌తో సమన్వయం. సప్లయర్లతో సమన్వయానికి అంత బలం కనబడలేదు. అయితే ఇలాంటి పరిశోధనలు చాలావరకు మేనేజర్లకు ప్రశ్నలు పంపి, వాళ్లిచ్చిన జవాబుల మీద కట్టినవి. బాగా నడిచే కంపెనీకి నలుగురితో కలిసి పనిచేయడమూ బాగానే చేతనవుతుంది. కలిసి పనిచేయడం వల్లే అది బాగా నడుస్తోందా అన్నది ప్రశ్నావళితో పూర్తిగా తేలే సంగతి కాదు. అయినా ముందు లోపల సర్దుకోవాలన్న మాటను నేను గట్టిగా నమ్ముతాను. షాపు ఫ్లోర్ మీద అది కళ్లకు కనబడుతుంది.

రేపు ఉదయం ఒక పని చేయండి. మీ దగ్గర బాగా కదిలే బ్రాకెట్ ఒకటి ఎంచుకోండి. డిస్పాచ్ చూసే అబ్బాయిని ఇవి ఎన్ని ఉన్నాయని అడగండి. స్టోర్స్ రిజిస్టర్‌లో ఎంత ఉందో చూడండి. ట్యాలీలో ఎంత చూపిస్తోందో అకౌంటెంట్ గారిని అడగండి. ఆ తర్వాత మీరే వెళ్లి ర్యాకులో ఉన్నవి, ప్రెస్ పక్కన బిన్నుల్లో ఉన్నవి, రీవర్క్ కోసం మూలన పెట్టినవి, పౌడర్ కోటింగ్‌కు పంపినవి లెక్కపెట్టండి. ఈ నాలుగు అంకెలూ ఒకటే అయితే మీ షాపు చాలా బాగా నడుస్తున్నట్టు. తేడా వస్తే ఎక్కడ వచ్చిందో పట్టుకోండి. ఎక్కువగా జాబ్ వర్క్ (బయట చేయించే పని) దగ్గరే దొరుకుతుంది. చలాన్ మీద వెళ్లింది ఒక సంఖ్య, తిరిగొచ్చింది ఒక సంఖ్య, మధ్యలో పాడైన పీసులు ఎవరి ఖాతాలోనూ ఉండవు. ఆ తప్పుడు అంకెను రోజూ పోర్టల్‌లో ఎక్కిస్తే కస్టమర్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని నమ్మి రేపటి లైను ప్లాను వేసేస్తుంది. సరుకు లేక లైను ఆగితే ఆ నష్టాన్ని మీ బిల్లులో కోసే డెబిట్ నోటు మీ పేరునే వస్తుంది.

పెద్దవాళ్లకూ ఇదే జరిగింది. బోయింగ్ తన 787 విమానం విషయంలో రెక్కలు, బాడీ భాగాల పనిని డిజైనుతో సహా చాలావరకు బయటి సంస్థలకు అప్పగించి, అందరినీ ఒక ఆన్‌లైన్ వ్యవస్థతో కలిపింది. ఎవరి దగ్గర పని ఎంతవరకు వచ్చిందో అందులో కనబడాలన్నది ఆలోచన. కానీ సప్లయర్లందరూ అందులో సరైన వివరాలు సమయానికి ఎక్కించలేదు. 2007 జులై 8న మొదటి విమానాన్ని అట్టహాసంగా బయటికి తెచ్చారు. అసలు ఫాస్టెనర్లు (భాగాలను బిగించే బోల్టుల్లాంటివి) చాలినన్ని దొరకక దాన్ని తాత్కాలిక ఫాస్టెనర్లతో బిగించి నిలబెట్టారు. 2008 మేలో ఇవ్వాల్సిన మొదటి విమానాన్ని 2011 సెప్టెంబరులో ఇవ్వగలిగారు. మధ్యలో, 2009లో, బాడీ భాగాలు చేసే ఒక సప్లయర్ ఫ్యాక్టరీని బోయింగే కొనుక్కోవాల్సి వచ్చింది. అక్కడ వ్యవస్థ ఉంది, దాంట్లో నిజం లేదు. మీ షాపులో స్టాకు అంకె నిజమయ్యేదాకా పోర్టల్ వల్ల మీకు కష్టమే తప్ప ఒరిగేదేమీ ఉండదు.

లోపలి సమన్వయానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఇప్పుడు మీ దగ్గర ఏం జరుగుతూ ఉండొచ్చో ఊహించగలను. కస్టమర్ సాయంత్రం ఏడింటికి మారిన షెడ్యూలు మెయిల్ పెడతారు. అది మీ ఫోన్‌లోనో మీ తమ్ముడి లాప్‌టాప్‌లోనో ఉండిపోతుంది. రాత్రి షిఫ్ట్ సూపర్‌వైజర్ చేతిలో ఉన్నది పొద్దున్న ఇచ్చిన కాగితం. దాని ప్రకారమే ఆయన డై (షీటును కోసి మలిచే అచ్చు) ఎక్కించి, సెట్టింగ్ చేసుకుని, ఫస్ట్ పీస్ చూపించుకుని, తెల్లారేసరికి ఆ వారానికి అక్కర్లేని పీసులు మూడు వేలు కొట్టించేస్తారు. ఆయన చక్కగా పనిచేశారు. కాయిల్ (స్టీలు షీటు చుట్ట) అయిపోయింది, కరెంటు అయిపోయింది, కావాల్సిన పార్టుకు ప్రెస్ ఖాళీ లేదు. పొద్దున్నే స్పెషల్ బండి మాట్లాడుకోవాల్సి వస్తుంది. దీనికి మందు ఒక బోర్డు, రోజూ పావుగంట. ప్రెస్ సూపర్‌వైజర్, స్టోర్స్, డిస్పాచ్, క్వాలిటీ, అకౌంట్స్ నిలబడి మాట్లాడుకోవాలి. నిన్న ఏం వెళ్లింది, ఈరోజు ఏది ఎక్కించాలి, ఏ డ్రాయింగ్ రివిజన్ మారింది, పౌడర్ కోటింగ్ నుంచి ఏం రావాలి. షెడ్యూలు మారితే బోర్డు మీద మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి. ఆ ఒక్కరి పేరు అందరికీ తెలియాలి.

ఈఆర్‌పీ మంచిదే, కొనండి. అయితే ఆ నాలుగు అంకెలూ ఒకటయ్యాక కొనండి. పార్టు నంబర్లు శుభ్రంగా లేకుండా, ఒక పీసుకు ఎంత షీటు పడుతుందో సరైన లెక్క లేకుండా సాఫ్ట్‌వేర్ పెడితే, ఇప్పుడు ఎక్సెల్‌లో ఉన్న గందరగోళమే ఇంకా ఖరీదైన స్క్రీన్ మీద కనబడుతుంది. మీ తమ్ముడికి ఈ శుభ్రం చేసే పని అప్పగించండి. ఆయన ఉత్సాహానికి అది సరైన చోటు.

ఇక షెడ్యూలు సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడింది ఇదే. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్ల పాంపర్స్ డైపర్ల కథ ఈ రంగంలో అందరికీ తెలిసిందే. పసిపిల్లలు వాడే డైపర్ల సంఖ్య రోజూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. దుకాణాల్లో అమ్మకాలూ పెద్దగా ఊగలేదు. డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు మాత్రం బాగా ఎగుడుదిగుడుగా వచ్చాయి. కంపెనీ తన ముడిసరుకు సప్లయర్లకు ఇచ్చిన ఆర్డర్లు అంతకంటే ఎక్కువ ఊగాయి. దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. కొరడా పిడి దగ్గర చేయి కాస్త కదిలితే కొస దగ్గర పెద్ద దెబ్బ పడుతుంది. మీరున్నది కొస దగ్గర.

మీ అంకెల్లో చూద్దాం. కస్టమర్ మెషిన్ల అమ్మకాలు నెలకు 1,000 నుంచి 1,050కి పెరిగాయనుకోండి. డిమాండ్ పెరుగుతోందని వాళ్ల ప్లానింగ్ వాళ్లు 1,150కి సరిపడా బ్రాకెట్లు అడుగుతారు. మళ్లీ పెంచుతారేమో, రిజెక్షన్లు ఉంటాయేమో అని మీరు 1,300 కొట్టి పెడతారు. తర్వాతి నెలలో అమ్మకాలు తిరిగి 1,000కి వచ్చాయి. వాళ్ల దగ్గర 100 మిగిలి ఉన్నాయి కాబట్టి షెడ్యూలు 900. మీ దగ్గర 150 మిగిలి ఉన్నాయి కాబట్టి మీరు కొట్టాల్సింది 750. బయట అమ్మకాలు మారింది 5 శాతం. మీ ప్రెస్ మీద పని 1,300 నుంచి 750కి పడిపోయింది. మొదటి నెల ఓవర్‌టైమ్, రెండో నెల మనుషులను ఖాళీగా కూర్చోబెట్టడం. ఇంటిగ్రేషన్ వల్ల తయారీ సంస్థ పనితీరు మెరుగుపడేది ప్రధానంగా ఇక్కడే. ఆ 1,050 అన్న అంకె మీకు నేరుగా కనబడితే మీరు 1,300 కొట్టరు. 1980ల చివర్లో వాల్‌మార్ట్ తన అమ్మకాల వివరాలను ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌తో పంచుకోవడం మొదలుపెట్టింది. ఇద్దరికీ లాభం వచ్చింది అందుకే.

కాబట్టి పోర్టల్‌లో మీ స్టాకు చూపించడానికి ఒప్పుకోండి, బదులుగా రెండు అడగండి. మొదటిది, వాళ్ల లైనులో రోజూ మీ పార్టులు ఎన్ని వాడారో, వాళ్ల స్టోర్స్‌లో ఎన్ని ఉన్నాయో మీకు కనబడాలి. ఆ పోర్టల్‌లోనే అది చూపించవచ్చు. రెండోది ఫ్రోజెన్ షెడ్యూలు. వచ్చే ఐదు పనిదినాల షెడ్యూలు ఎవరూ కదపకూడదు. ఆ తర్వాతి రెండు వారాల్లో పది, పదిహేను శాతం అటూ ఇటూ మార్చుకోవచ్చు. దాని తర్వాత మూడు నెలల అంచనా. ఐదు రోజుల లోపు రద్దు చేస్తే తయారైన సరుకు వాళ్లు తీసుకోవాలి. అంచనాను నమ్మి వాళ్లకోసమే తెప్పించిన ప్రత్యేక సైజు కాయిల్‌కు కొంత బాధ్యత వాళ్లది. ఆటోమొబైల్ రంగంలో ఇలాంటి షరతులు కొత్తేం కాదు. మీరు అడిగితే ఆశ్చర్యపోరు.

ఇప్పుడు డబ్బు లెక్క. వాళ్లకు మీరు అమ్మేది ఏడాదికి 5.4 కోట్లు. 300 పనిదినాలతో భాగిస్తే రోజుకు 1.8 లక్షలు. ఏడు రోజుల నిల్వ అంటే అమ్మకం ధరలో 12.6 లక్షల సరుకు. వడ్డీ 11 శాతం వేసుకుంటే ఏడాదికి దాదాపు 1.4 లక్షలు. గోడౌన్ అద్దె, ఒక మనిషి జీతం, తుప్పు, డ్రాయింగ్ మారితే పనికిరాకుండా పోయే పీసులు అదనం. రెండో వైపు చూడండి. 75 రోజుల బాకీ అంటే, జీఎస్టీ పక్కన పెట్టినా, ఎప్పుడూ ఒక కోటి 11 లక్షల దాకా మీ డబ్బు వాళ్ల దగ్గర ఉంటోంది. అది 45 రోజులకు వస్తే 44 లక్షలకు పైగా మీ చేతిలోకి వస్తుంది. వడ్డీ మిగులు ఏడాదికి 4.9 లక్షలు. మీ అకౌంటెంట్ గారు గోడౌన్ గురించి కంగారు పడుతున్నారు, న్యాయమే. కానీ మీ జేబుకు అసలు చిల్లు బిల్లుల దగ్గర ఉంది. సరుకు, సమాచారం వేగంగా కదులుతూ డబ్బు మాత్రం పాత దారిలోనే నడిస్తే ఆ కలయిక మీకు పనిచేయదు. గోడౌన్ నిల్వను మూడు రోజులకు తగ్గించమని అడగండి, ఫ్రోజెన్ షెడ్యూలు ఉంటే ఏడు రోజులు అక్కర్లేదు కదా. దాన్ని 45 రోజుల చెల్లింపుతో ముడిపెట్టండి.

ఇందులో చట్టం మీ పక్షాన ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. మీ 9 కోట్ల టర్నోవర్‌తో మీరు ఈ వర్గంలోకే వస్తారు. యంత్రాల పెట్టుబడి పరిమితి మాత్రం అకౌంటెంట్ గారితో సరిచూసుకుని, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఇలాంటి సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) నంబరు ప్రతి ఇన్‌వాయిస్ మీద వేయించండి. 60 శాతం వ్యాపారం ఇచ్చే కస్టమర్ మీద ఫిర్యాదు పెట్టమని నేను చెప్పను. దానికంటే పనికొచ్చే దారి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ గడువులోపు కట్టని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు, నిజంగా కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. వాళ్ల ఫైనాన్స్ విభాగానికి ఈ భాష బాగా అర్థమవుతుంది. ట్రెడ్స్ గురించి కూడా అడగండి. ఆర్‌బీఐ అనుమతితో నడిచే ఈ వేదికల్లో మీ బిల్లును కస్టమర్ ఆమోదిస్తే బ్యాంకులు పోటీపడి డిస్కౌంట్ చేసి మీకు ముందే డబ్బు ఇస్తాయి. కస్టమర్ పరపతిని బట్టి రేటు ఉంటుంది కాబట్టి మీ ఓడీ కంటే చౌకగా పడొచ్చు. తర్వాత కస్టమర్ కట్టకపోయినా బ్యాంకు మీ మీదికి రాదు. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు ఇందులో నమోదు కావాలని కేంద్రం 2024 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది.

ఒక చిన్న మెలిక జాగ్రత్త. గోడౌన్‌లో ఉన్నంతసేపు సరుకు మీదే, వాళ్లు తీసుకున్న రోజే బిల్లు అని రాస్తే, 45 రోజుల లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది. సరుకు నెలంతా అక్కడే పడి ఉంటే మీకు అడిగే హక్కే ఉండదు. పెట్టిన ఏడు రోజుల్లో తీసుకోకపోయినా బిల్లు అయినట్టే అని ఒక వాక్యం చేర్పించండి. గోడౌన్‌ను మీ జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్చడం, బీమా చేయించడం మరిచిపోకండి.

రోజువారీ సరఫరాకు దూరం చూసుకోవాలి. శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర కియా ప్లాంటు 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. మోబిస్, సంగ్‌వూ హైటెక్ లాంటి కొరియా సప్లయర్లు ఆ చుట్టుపక్కలే ఫ్యాక్టరీలు పెట్టుకున్నాయి. గేటు పక్కన ఉన్నవాళ్లు రోజుకు పలుమార్లు పంపగలరు. మీది 90 కిలోమీటర్లు. వారానికి రెండు నిండు లోడ్లు వెళ్లే చోట ఆరు సగం ఖాళీ బళ్లు వెళ్తే డీజిల్ మీ లాభం తినేస్తుంది. చర్లపల్లి, కుషాయిగూడ, మల్లాపూర్ వైపు అదే కంపెనీకి సరఫరా చేసేవాళ్లు ఇంకా ఉండే ఉంటారు. కంపెనీయే ఒక బండి పెట్టి అందరి దగ్గరా వరసగా సరుకు ఎక్కించుకునే మిల్క్ రన్ ప్రతిపాదించండి. రవాణా ఖర్చును రేటులోంచి విడదీస్తే అది ఇద్దరికీ స్పష్టంగా కనబడుతుంది.

మీ వెనక ఉన్నవాళ్లను కూడా చూడండి. మీకు కావాలనుకున్న ఫ్రోజెన్ షెడ్యూలునే పౌడర్ కోటింగ్ ఆయనకు మీరు ఇవ్వండి. మీ మూడు నెలల అంచనాను స్టీల్ డీలర్‌కు చూపించి ఏ మందం, ఏ వెడల్పు ఎంత కావాలో ముందే చెప్పండి. వాళ్ల డబ్బు సమయానికి ఇవ్వండి. ఆ చైనా అధ్యయనంలో సప్లయర్ వైపు బలం తక్కువ కనబడిందని దీన్ని వదిలేయకండి. మీ బ్రాకెట్ ఆలస్యమయ్యేది సగం సార్లు కోటింగ్ దగ్గరే అని మీకే తెలుసు.

మీరు అడగకపోయినా ఒక భయం గురించి చెప్పాలి. స్టాకు తగ్గించి, ఒకరి మీద ఒకరు ఆధారపడితే, ఏదైనా ప్రమాదం జరిగితే? 1997 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున జపాన్‌లోని కరియాలో ఐసిన్ సెయికి ఫ్యాక్టరీ కాలిపోయింది. టయోటా కార్ల బ్రేకుల్లో వాడే పీ-వాల్వ్ అనే చిన్న భాగాన్ని దాదాపు మొత్తం వాళ్లే చేసేవారు. టయోటా దగ్గర నిల్వ కొద్ది గంటలకో, మహా అయితే ఒకటి రెండు రోజులకో సరిపడేది. కొద్ది రోజుల్లోనే జపాన్‌లోని టయోటా లైన్లు చాలావరకు ఆగిపోయాయి. ఇంకొకరైతే నెలలు పట్టేది. ఐసిన్ తన డ్రాయింగులను దాచుకోకుండా అడిగినవాళ్లందరికీ పంచింది. 60కి పైగా సంస్థలు తమ దగ్గరున్న మెషిన్ల మీదే వాల్వులు చేయడం మొదలుపెట్టాయి, కుట్టు మిషన్లకు పేరున్న బ్రదర్ కంపెనీతో సహా. రేటు ఎంత, నష్టం ఎవరిది అని ముందు ఎవరూ బేరమాడలేదు. వారం తిరిగేసరికి టయోటా లైన్లు మళ్లీ నడిచాయి. తర్వాత టయోటా తన ప్రధాన సప్లయర్లకు, ఆ ఏడాది జనవరి నుంచి మార్చి వరకు తమకు అమ్మిన సరుకు విలువలో ఒక శాతం మేర కృతజ్ఞతగా చెల్లించింది. ఆ నమ్మకం ఏళ్ల తరబడి డబ్బు, డ్రాయింగులు, కష్టాలు ఇచ్చిపుచ్చుకున్న చోట పుట్టింది. మీ కస్టమర్‌తో అది ఇంకా పుట్టలేదు. అందుకని ముఖ్యమైన పార్టుల డైలకు విడి పంచ్‌లు సిద్ధంగా ఉంచుకోండి. డై విరిగితే ఆ మాట దాచకుండా గంటలోపు వాళ్లకు చెప్పే అలవాటు చేసుకోండి. మిగిలిన 40 శాతం కస్టమర్లను ఈ హడావిడిలో చిన్నచూపు చూడకండి. ఒక్కరితో ఎంత గట్టిగా కలిస్తే వాళ్లు రేటు తగ్గించమన్నప్పుడు కాదనడం అంత కష్టమవుతుంది.

మొత్తం ఒప్పందానికి ఒకేసారి వెళ్లకండి. ఎక్కువ కదిలే ఐదు పార్టులతో మూడు నెలల ట్రయల్ అడగండి. ఆ మూడు నెలలూ ఐదు రోజుల లోపు షెడ్యూలు ఎన్నిసార్లు మారింది, సమయానికి ఎంత శాతం వెళ్లింది, మీ దగ్గర, గోడౌన్‌లో, వాళ్ల స్టోర్స్‌లో కలిపి ఎన్ని రోజుల స్టాకు ఉంది, స్పెషల్ బళ్లకు ఎంత ఖర్చయింది, డబ్బు ఎన్ని రోజులకు వచ్చింది అన్నవి ఇద్దరూ ఒకే షీటులో రాసుకోండి. మొత్తం స్టాకు తగ్గకపోతే పద్ధతిలో లోపం ఉన్నట్టే, ఎవరి లోపమో ఆ షీటే చూపిస్తుంది.

ఆ మాటలు మాట్లాడే సమావేశానికి కొనుగోలు విభాగం వాళ్లు ఒక్కరే వస్తే చాలదు. షెడ్యూలు మార్చేది ప్లానింగ్, బిల్లు ఆపేది ఫైనాన్స్, మీ మీద ఒత్తిడి పెట్టేది కొనుగోలు విభాగం. వాళ్ల లోపలి సమన్వయం ఎలా ఉందో మీకు అక్కడే తెలుస్తుంది. మీ తమ్ముడినీ అకౌంటెంట్ గారినీ ఇద్దరినీ వెంట తీసుకెళ్లండి. అటువైపు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి తేదీ ఇచ్చేదాకా గోడౌన్ అద్దెకు అడ్వాన్స్ ఇవ్వకండి.